ఫతే మైదాన్: వెలుగు, మిరుమిట్లు

అబిడ్స్, నాంపల్లిలకు చేరువలోని లాల్‌బహదూర్ స్టేడియం మీలో చాలామందికి తెలుసు. 1687లో గోల్కొండను జయించిన మొగలు సేనలు ఇక్కడ విడిది చేసినందున దీన్ని ఫతే మైదాన్ అన్నారు. 1967లో ఇప్పటి పేరు పెట్టారు. కాలక్రమంలో ఫ్లడ్‌లైట్లు వచ్చాయి. వాటితో మిరుమిట్ల సమస్యా వచ్చింది. పైకి లేచిన బంతి దీపానికి అడ్డంగా వస్తే ఫీల్డరు కళ్లు చెదురుతాయి, బంతి ముఖానికే తగలవచ్చు. కేవలం వెలుగు పెంచితే ఇది తగ్గదు. స్తంభాల ఎత్తు పెంచి, దీపాలను కిందికి వంచి, మరుగు రేకులు అమర్చాలి. అంతర్జాతీయ దీపన కమిషన్ 1994లో మిరుమిట్ల కొలమానాన్ని ప్రచురించింది; ఆరుబయట క్రీడలకు సాధారణ గరిష్ఠ పరిమితి 50. అంటే దీపాల చరిత్రను కాంతి పరిమాణంతోనే కాక, ఆటగాడి చూపుతోనూ కొలవాలని గ్రహించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వెలుగు పెరిగినా చూపు ఎందుకు మెరుగుపడకపోవచ్చు?