ఆటలబడి

పరభాషాభ్యాసమనగానే మా తరమువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది బెత్తము. అర్థము తెలియని మాటకు అక్షరములను వరుసగా నొప్పగించుట, తప్పినప్పుడు చేయి చాచుట, ఇదియే మా ఇంగ్లీషు చదువు. ఉపాధ్యాయులమైన పిదప కొన్నియేండ్లు మేమును అట్లే నేర్పితిమి. ఆ సంగతి దాచి ఈ చరిత్ర వ్రాయుట న్యాయము కాదు. ఆటలతో భాష నేర్పుట నేటి వింత యని పలువురు తలంతురు కాని, అది మిక్కిలి పాతది.

ఫ్రాన్సు దేశమున 1533లో జనించిన మోంటేన్ అను వ్యాసకర్త తన బాల్యమును గూర్చి తానే వ్రాసికొనెను. మాటలు రాకమునుపే తండ్రి అతనిని ఫ్రెంచి తెలియని యొక జర్మను పండితున కప్పగించెను. తల్లియు, సేవకులును సయితము ఆ బిడ్డతో తమకు వచ్చిన నాలుగు లాటిను ముక్కలే పలుకవలెనని కట్టడి. గ్రీకు విభక్తులను ఆటగా నేర్పజూచిరి. బాలునకు దెబ్బ తెలియకయే లాటిను పట్టుపడెను. కాని ఆఱేండ్ల ప్రాయమున బోర్డో నగరపు పాఠశాలలో చేరిన పిమ్మట ఆ లాటిను చెడిపోయెనని ఆయనయే యొప్పుకొనెను. అయినను ధనవంతుని యింట సాగిన యుక్తి ఊరిబడిలో సాగునా?

ఊరిబడికి త్రోవ చూపినవాడు కొమీనియస్. ఆయన 1592లో మొరేవియాలో పుట్టి, బాల్యముననే తలిదండ్రులను గోల్పోయి, పదునాఱేండ్లవాడై లాటిను బడిలో చేరెను. ఆలస్యముగా చేరుటయే మేలైనది కాబోలు. అక్కడి హింసను గుర్తించు వయస్సు అప్పటికి వచ్చినది. మతకలహములచే స్వదేశము విడిచి, పోలండులోని లెష్నో పట్టణము చేరి, 1631లో ‘భాషాద్వారము’ను ప్రకటించెను. ఇంచుమించు 8000 మాటలు 1000 వాక్యములలో నిమిడిన ఆ పుస్తకము ఐరోపాయంతటను వ్యాపించెను. చిన్నపిల్లలకు మాత్రము కొఱుకుడుపడలేదు.

1650లో హంగరీలోని షారోష్‌పటాక్ పాఠశాలను చక్కదిద్దుటకు ఆయనను పిలిపించిరి. పిల్లలలో ఉత్సాహము లేకుండుట చూచి, తన భాషాద్వారమునే ఎనిమిది నాటకములుగా మార్చెను. బడిలో వేషములేమని తోడి యుపాధ్యాయులు మొదట సమ్మతింపరైరి. నాటకమనిన ముఖము చిట్లించు పెద్దలు మనదేశమున మాత్రమే లేరన్నమాట. బాలురు రంగమెక్కి లోకములోని వస్తువులను గూర్చి, వృత్తులను గూర్చి లాటినులో సంభాషించిరి. నోరు విప్పనివారు సభలో మాటాడిరి. ఈ నాటకములే 1656లో ‘క్రీడాపాఠశాల’ యను పేర అచ్చయ్యెను. ఆ యేడే లెష్నో తగులబడి, నలువది యేండ్లకు పైగా కూర్చిన ఆయన చెక్ నిఘంటువు బూడిదయ్యెను.

రెండేండ్లకు, 1658లో, న్యూరెంబర్గు నగరమున ఆయన బొమ్మలపుస్తకము వెలువడెను. అందు మొదటి పాఠము అక్షరములే. వానిని నేర్పునవి జంతువులు. కాకి కూత ఒక యక్షరము, గొఱ్ఱెపిల్ల అఱపు వేఱొకటి, పాము బుస మఱియొకటి. బిడ్డ కూయుచు, బుసకొట్టుచు అక్షరములు నేర్చును! తరువాత దర్జీ, కత్తెర, సూది, దారము మొదలగు బొమ్మలకు అంకెలు వేసి, ఆ యంకెలనే ప్రక్కనున్న మాటలకును వేసెను. బొమ్మలను చూచి గీయుటకును పిల్లలకు సెలవిచ్చెను.

ఇక ముఖ్యమైన సంగతి. ఆ పుటలలో లాటిను ప్రక్కనే మాతృభాష యుండును. మొదటి ముద్రణమున జర్మను, మఱుసటియేట లండనులో ఇంగ్లీషు. చదువు మాతృభాషతోనే మొదలు కావలెనని ఆయన మతము. నాలుగేండ్ల బిడ్డచేత అతిథులయెదుట ఇంగ్లీషు చిలుకపలుకులు పలికించి మురియు గృహస్థులు కొమీనియస్ పుస్తకమున సగము చింపివేసి తక్కిన సగమును చదువుచున్నారు. ఆటకు మేము విరోధులము కాము. ఆ చింపుటకే విరోధులము.

మేమును ఒకనాడు నల్లబల్లపై వంటిల్లు గీసి, కుండకును గరిటెకును అంకెలు వేసి, రెండు భాషలలో పేర్లు వ్రాయుడంటిమి. ఎన్నడును నోరెత్తని పిల్లవాడొకడు లేచి, “మాస్టారూ, చాటను ఇంగ్లీషులో ఏమంటారండీ?” అని యడిగెను. మాకు తోచలేదు. నిఘంటువు చూచి రేపు చెప్పెదమంటిమి.