ఎవరి సిరా ఏ రంగు?

నవంబరు మొదటి శుక్రవారం ఫౌంటెన్ పెన్ దినోత్సవం. 2012 నుంచి ఇంకు పెన్నుల పిచ్చి ఉన్నవాళ్లు ప్రపంచమంతటా జరుపుకుంటున్నారు. “మీకూ ఆ పిచ్చి ఉందిగా, బుధవారం మధ్యాహ్నానికల్లా రంగు ఇంకుల చరిత్ర రాసివ్వండి” అని పత్రిక అనుబంధం వాళ్లు ఫోన్ చేశారు. సిరాది నాలుగు వేల ఏళ్లకు పైబడిన చరిత్ర. నాకున్నది రెండున్నర రోజులు. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, కొన్ని శతాబ్దాలను ఒక్క గంతులో దాటేస్తాను. నాకిష్టమైన నాలుగేళ్ల దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చుంటాను.

రాయడానికి ముందు బల్ల మీద ఐదు బుడ్లు వరసగా పెట్టాను. రాయల్ బ్లూ, బ్లూ బ్లాక్, నలుపు, ఎరుపు, పచ్చ. ఒకే కాగితం మీద ఐదింటితోనూ ఊరి పేరు రాసి, ఆరనిచ్చి, ఒక్కోదాని మీద ఒక్కో నీటి చుక్క వదిలాను. రాయల్ బ్లూ నిమిషంలో నీలి మడుగయిపోయింది. ఎరుపు గులాబీ రంగులో పాకింది. నలుపు అంచుల్లో ఊదా రంగు బయటపడింది, అంటే అది నలుపు కాదు, నాలుగు రంగుల కలగూరగంప. పచ్చ సగం పోయి సగం ఉంది. బ్లూ బ్లాక్ ఒక్కటే వింతగా ప్రవర్తించింది. నీలమంతా నీటితో పోయింది, దాని అడుగున బూడిద నలుపు గీత చెక్కుచెదరకుండా మిగిలింది. ఊరి పేరు చక్కగా చదవొచ్చు. ఆ మిగిలిన గీత కోసమే ఈ వ్యాసమనుకోండి.

మన తాటాకు రోజుల్లో సిరాది చిన్న పాత్ర. గంటంతో ఆకు మీద గీరాక, మసి రుద్ది తుడిస్తే గీతల్లో నలుపు నిలిచేది. రాసింది గంటం, మసి చేసింది చూపించడం వరకే. కాగితం మీద రాయడానికి దీపపు మసిలో తుమ్మబంక కలిపిన సిరా వచ్చింది. చైనాలోనూ ఈజిప్టులోనూ అంతకు చాలా ముందునుంచే మసి సిరాలున్నాయి. యూరపు వాళ్లు మధ్యయుగాల్లో వేరే దారి పట్టారు. మాచికాయ, అన్నభేది, తుమ్మబంక. మూడు పేర్లూ విన్నవే కదా? ఇవాళ్టికీ ఏ మూలికల కొట్లో అడిగినా పొట్లం కట్టి ఇస్తారు. మాచికాయలోని వగరు, అన్నభేదిలోని ఇనుము కలిస్తే మొదట పలచటి రంగు వస్తుంది. కాగితం మీద గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. కాగితంలోకి ఇంకిపోతుంది కాబట్టి గీకినా ఓ పట్టాన పోదు.

ఈ విద్య మనకు తెలియనిదేం కాదు. కాగితం మీద కాకుండా బట్ట మీద చేశాం, అంతే. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో బట్టను తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి, ఆ నీటితో బొమ్మ గీస్తారు. కరక్కాయ వగరుకు ఇనుము తగలగానే గీత నల్లబడుతుంది. మాచికాయ బదులు కరక్కాయ, రసాయనం ఒక్కటే. వాళ్ల కలం చూశారా? మొన తీసిన వెదురు పుల్ల, దానికి కాస్త పైన దారంతో చుట్టిన ఉన్ని ముద్ద. ముద్దను రంగులో ముంచి, గీస్తూ వేళ్లతో కొద్దికొద్దిగా నొక్కుతుంటే రంగు మొనకు దిగుతుంది. దాన్ని ఫౌంటెన్ పెన్ అని పిలవకపోవడం మన మొహమాటం.

ఇక ఆ పెద్ద గంతు. రంగు సిరాల మీద మొదట కన్నేసింది రాజులు. క్రీ.శ. 470లో తూర్పు రోమన్ చక్రవర్తి మొదటి లియో ఒక శాసనం చేశాడు. చక్రవర్తి సంతకానికి వాడే ఎర్రటి రాజసిరాను మరెవరూ ముట్టకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. ఇంకు రంగుకూ హోదాకూ ముడి అప్పటికే పడింది. పదమూడు వందల అరవై ఏళ్లు దాటితే లండన్. 1832లో హెన్రీ స్టీఫెన్స్ అనే వైద్యుడు నీలం, నలుపు కలిసిన సిరా అమ్మడం మొదలుపెట్టాడు. చదువుకునే రోజుల్లో కవి కీట్స్‌తో ఒకే గదిలో ఉన్నవాడు. ఇనుము సిరా కొత్తగా రాసినప్పుడు కంటికి ఆనదు కాబట్టి అందులో నీలం కలుపుతారు. రాసేవాడికి అప్పటికప్పుడు కనపడటానికి నీలం, మనవడికి కనపడటానికి నలుపు. బ్లూ బ్లాక్ అనే పేరులోని మర్మం ఇదే.

1856 ఈస్టర్ సెలవుల్లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ ఇంటి ప్రయోగశాలలో మలేరియా మందు క్వినైన్ చేయబోయాడు. మందు రాలేదు, నల్లటి మడ్డి వచ్చింది. దాన్ని ఆల్కహాల్‌తో కడగబోతే ఊదా రంగు పొంగుకొచ్చింది. బొగ్గు తారులోంచి రంగుల పెట్టె తెరుచుకున్నది ఆ రోజే. ఊదా, ఎరుపు, పచ్చ, నీలం, ఏది కావాలంటే అది. 1884లో న్యూయార్క్‌లో వాటర్‌మన్ పెన్ను పేటెంటు పొందేనాటికి ఈ రంగులు సిద్ధంగా ఉన్నాయి. పెన్నుకు ఇవే హాయి. మసి సిరా పాళీ కింది నాలికలో గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఇనుము సిరాలోని పులుపు ఉక్కు పాళీని తినేస్తుంది. నీళ్లలో కరిగిన రంగయితే సాఫీగా దిగుతుంది. కాకపోతే నీళ్లలో కరిగింది నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. ఇంకుల కథంతా ఈ రెండింటి తగాదానే, పెన్నుకు మంచిదా, కాగితానికి మంచిదా అని.

ఇప్పుడు నాకిష్టమైన నాలుగేళ్లకు వచ్చాం, 1931 నుంచి 1934 దాకా.

1931లో అమెరికాలో పార్కర్ కంపెనీ ‘క్వింక్’ తెచ్చింది. క్విక్, ఇంక్ కలిపి పేరు. త్వరగా ఆరుతుంది, అద్దుడు కాగితంతో పనిలేదు అని చాటింపు. అదే 1931లో బొంబాయిలో దండేకర్ సోదరులు గుర్రం బొమ్మతో ఇంకు పొడి, ఇంకు బిళ్లలు అమ్మడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పెన్నులకోసం ఒంటె బొమ్మ ఇంకు తెచ్చారు. క్యామెల్, ఇంక్ కలిసి క్యామ్లిన్ అయింది. అటు క్వింక్, ఇటు క్యామ్లిన్, పేర్లు పెట్టడంలో రెండు ఖండాలదీ ఒకటే బుద్ధి.

1932లో రాజమండ్రి. కోసూరి వెంకటరత్నం గారి పేరు తెలుగువాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. నగల పని తెలిసిన చెయ్యి. దేశానికి పనికొచ్చేదేదైనా చెయ్యమన్న గాంధీజీ మాట పట్టుకుని పెన్ను చేశారు. గాంధీజీ సహచరుడు జె.సి. కుమారప్ప చేతుల మీదుగా అది ఆయనకు చేరింది. 1935 జూలై 16న వార్ధా నుంచి గాంధీజీ జాబు రాశారు. పెన్ను వాడి చూశాననీ, బజార్లో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా బాగానే ఉందనీ దాని సారాంశం. పొదుపైన మెప్పు. కానీ ఆ ఒక్క జాబుతో రాజమండ్రి కోటగుమ్మం దేశానికి తెలిసింది.

ఇక్కడే నాకు చిన్నప్పటి నుంచీ ఒక సందేహం. పెన్ను స్వదేశీ, సరే. మరి అందులో పోసిన ఇంకు?

ఆ ప్రశ్న గాంధీజీకే ముందు తట్టింది. రోజూ గుట్టలుగా ఉత్తరాలు రాసే మనిషి. విదేశీ వస్తువులు వద్దని రాసే రాతే విదేశీ ఇంకుతో రాస్తే ఎలా? బెంగాల్లో సతీశ్ చంద్ర దాస్‌గుప్తా అనే రసాయనవేత్త ఉండేవారు. ప్రఫుల్ల చంద్ర రాయ్ శిష్యుడు, బెంగాల్ కెమికల్స్‌లో పనిచేసి ఖాదీ ఉద్యమంలోకి వచ్చినవారు. స్వదేశీ ఇంకు తయారుచెయ్యమని గాంధీజీ ఆయన్ని అడిగారు. ఆయన ‘కృష్ణధార’ చేశారు. ఆ విద్యను రాజషాహీలోని మైత్రా సోదరులకు, ననీగోపాల్, శంకరాచార్యలకు అప్పగించారు. ఇద్దరూ ఉద్యమంలో ఉన్నవాళ్లే. 1934లో ‘సులేఖ’ పుట్టింది. ఇంట్లో ఆడవాళ్లు ఇంకు కాచి సీసాల్లో పోస్తే, మగవాళ్లు తిరిగి అమ్ముకొచ్చేవారట. పేరు రవీంద్రుడు పెట్టాడని బెంగాలీలు చెప్పుకుంటారు. మంచి పేరు కనబడితే రవీంద్రుడి ఖాతాలో వెయ్యడం వాళ్లకు అలవాటు, మనం చాటుపద్యాలు శ్రీనాథుడి ఖాతాలో వేసినట్టు. రాజషాహీ ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. కంపెనీ కలకత్తాకు, ఆపైన జాదవ్‌పూర్‌కు వచ్చింది. అక్కడి కూడలిని ఇవాళ్టికీ సులేఖ మోడ్ అంటారు. సత్యజిత్ రాయ్ ఫెలూదా డిటెక్టివ్ కథల్లో కూడా ఆ ఇంకు కనిపిస్తుంది.

నాలుగేళ్లలో ఇంత జరిగింది. మనకు మాత్రం రత్నం పెన్ను ఒక్కటే గుర్తు. పెన్నుకు పేరు దక్కింది, ఇంకుకు మరకే మిగిలింది.

మా బడి రోజులకు ఈ పేర్లన్నీ కిరాణా కొట్టు అరలోకి వచ్చేశాయి. క్యామెల్, సులేఖ, చెల్‌పార్క్, బ్రిల్. పావలాకి కొట్టువాడే ఫిల్లరుతో పెన్ను నింపేవాడు. ఇంకు ఎక్కువైతే పెన్ను కక్కేది, చొక్కా జేబు నీలమయ్యేది. అయిపోతే పక్కవాడి దగ్గర నాలుగు చుక్కలు అప్పు. డెస్కు మీద వాడు విదిలిస్తే, పాళీ ఆనించి పీల్చుకోవడం. మరక పడితే సుద్దముక్క అద్దడం. రంగు మాత్రం మా ఇష్టం కాదు. పిల్లలకు నీలం, మాస్టారికి ఎరుపు, గెజిటెడ్ అధికారికి పచ్చ. ఆ పచ్చ సంతకం కోసం సర్టిఫికెట్ల నకళ్లు పట్టుకుని వరండాల్లో నిలబడని వాడు నా ఈడువాళ్లలో ఉండడు. డిగ్రీ అయ్యాక ఒక ఉద్యోగం దరఖాస్తును ముచ్చటపడి పచ్చ ఇంకుతో రాశాను. గుమాస్తా కళ్లజోడు పైనుంచి చూసి “ఇంకా ఉద్యోగమే రాలేదు, అప్పుడే పచ్చా బాబూ?” అని తిప్పి పంపేశాడు.

ఆయన తప్పేం లేదు. పచ్చ మోజు మనకే కాదు. 1909లో పుట్టిన బ్రిటిష్ గూఢచార సంస్థ తొలి అధిపతి మాన్స్‌ఫీల్డ్ కమింగ్ పచ్చ ఇంకుతో ‘సి’ అని సంతకం చేసేవాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు నేటికీ అలాగే చేస్తారు. మన కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల నియమాల ప్రకారం కూడా ముసాయిదా రాయడం నీలంతోనో నలుపుతోనో, పై అధికారి దిద్దితే పచ్చతోనో ఎరుపుతోనో. లియో చక్రవర్తి వింటే సంతోషిస్తాడు.

ఇంతవరకూ కథ చెప్పినట్టు వింది. ఇక్కడినుంచి వినదు. బాల్ పెన్ను వచ్చింది, ఇంకు బుడ్డి అటకెక్కింది. 1980ల చివర్లో సులేఖ మూతబడింది, 2006లో మళ్లీ తెరుచుకుంది, 2020లో పెన్ను ఇంకులు మళ్లీ తెచ్చింది. 2014లో కేంద్రం స్వీయ ధ్రువీకరణ చాలనడంతో పచ్చ సంతకాల వరండాలు ఖాళీ అయ్యాయి. రంగు వల్ల పదవులు తారుమారు కావడం మాత్రం ఆగలేదు. 2016లో హరియాణా రాజ్యసభ ఎన్నికలో అధికారులిచ్చిన ఊదా పెన్నుతో కాకుండా వేరే పెన్నుతో వేశారని ఓట్లు చెల్లకుండా పోయి, ఫలితమే తిరగబడింది. జపాన్‌లో పైలట్ కంపెనీ 2007లో మొదలుపెట్టి వానకూ, వెన్నెలకూ, వెదురు తోపుకూ ఒక్కో రంగు ఇంకు చేసింది. ఇప్పుడు మెరుపు రజను కలిపినవి, ఆరాక రెండు రంగులుగా కనిపించేవి దొరుకుతున్నాయి. ఏ రంగుతో రాయాలో చెప్పే రాజు లేడు, మాస్టారు లేడు. మొదటిసారి రంగు మన ఇష్టమైంది, తీరా చూస్తే రాయడానికి ఉత్తరమే లేదు.

బ్లూ బ్లాక్‌కు కూడా పాత నిక్కచ్చితనం తగ్గింది. లామీ కంపెనీ 2012 ప్రాంతంలో తన బ్లూ బ్లాక్‌లోంచి ఇనుము తీసేసింది. ఆ పేరుతో అమ్మే చాలావాటిలో ఇప్పుడు నీలం, నలుపు రంగులు తప్ప ఇనుము లేదు. పెలికాన్ 4001 బ్లూ బ్లాక్‌లో ఇంకా ఉంది.

మా అమ్మమ్మ రామకోటి ఎర్ర ఇంకుతో రాసింది. పూజగది కిటికీ పక్కన ఏళ్ల తరబడి ఉన్న ఆ పుస్తకంలో పై పేజీల రాత ఎరుపు పోయి లేత గులాబీ అయింది, చివరి వరుసలు వేలితో తడిమితే తప్ప తెలియవు. అదే గూట్లో తాతగారి ప్రోనోటు ఉంది. బ్లూ బ్లాక్‌తో రాసిన అప్పు. తీరిపోయి అరవై ఏళ్లయినా అసలూ వడ్డీ అక్షరం పోకుండా నల్లగా కనిపిస్తున్నాయి.

కాబట్టి రెండు రోజుల పరిశోధన తర్వాత నేను చెప్పగలిగిందిది. స్నేహితుడికి రాస్తే మీకు నచ్చిన రంగు పొయ్యండి, పచ్చయినా సరే. పేరు, పుట్టిన తేదీ, వీలునామా, అప్పుపత్రం రాయాల్సి వస్తే మాత్రం ఇనుమున్న బ్లూ బ్లాక్ కొనండి. కొనేముందు పెట్టె మీద చదవండి. దాన్ని పెన్నులో ఎండనివ్వకండి, వాడినా వాడకపోయినా నెలకోసారి మంచినీళ్లతో కడగండి. మీ దగ్గర కూడా పాత కాగితాలుంటే ఈ ఆదివారం ఓసారి బయటికి తియ్యండి. మాసిపోతున్నవాటిని అప్పుడే తిరగరాసి పెట్టండి.