జపానులో ఒక ఆట – ఇద్దరు పెద్దలు

ఒకే చెరువునకు ఇద్దరు పెద్దలేర్పడి, ఎవరి తూము వారు తెరచుకొనుచున్నచో ఆఖరి పొలము గతి యేమగునో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇట్టి తగవే జపాను దేశమున బాస్కెట్‌బాల్ అను నాటకు వచ్చెను.

ఎత్తున కట్టిన వలలో బంతిని వేయు ఈ యాటను 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్సు నైస్మిత్ అను ఉపాధ్యాయుడు కల్పించెను. మొట్టమొదట ఆడిన పదునెనిమిది మంది విద్యార్థులలో ఇషికావా అను జపాను యువకుడొకడు. కావున ఈ యాటతో జపాను చుట్టరికము పుట్టుకనాటిది. 1930లో జపాను బాస్కెట్‌బాల్ సంఘ మేర్పడెను. 1936లో బెర్లిను ఒలింపిక్సునకు వారి జట్టు వెళ్లెను.

పిమ్మట చిరకాలము ఆటను పోషించినవి పెద్ద కంపెనీలు. జీతము కంపెనీది, జట్టు పేరును కంపెనీదే. ఆటగాండ్రలో పలువురు కంపెనీ ఉద్యోగులే గనుక జీవనమునకు చింత లేదు. కాని కంపెనీ పేరు పెట్టుకొన్న జట్టును చూచి ఊరివారికి "ఇది మాది" అను మమకార మెట్లు కలుగును? 2005లో కొందరు విడివడి, ఊళ్ల పేర్లతో ఆరు జట్లను కూర్చి, బి.జె. లీగు అను వేరు కూటమిని స్థాపించిరి. దేశమొకటి, లీగులు రెండు. ఎవ్వరును తగ్గరు. సంఘము సంధి చేయజాలకపోయెను.

అంతర్జాతీయ సమాఖ్య హెచ్చరించి, ఫలము కానక, 2014 నవంబరులో జపాను సంఘమును సస్పెండు చేసెను. దేశపు జట్లకు బయటి పోటీలు మూతపడెను. ఇందు నాకు మిక్కిలి కష్టము తోచునది స్త్రీల సంగతి. వారి లీగులో చీలిక లేదు. 2013లో ఆసియా విజేతలు వారే. తగవు పురుషులది, శిక్ష యిరువురకు. రియో ఒలింపిక్సునకు అర్హత నిచ్చు ఆసియా పోటీ 2015లోనే జరుగవలసియుండెను.

తగవు తీర్చుటకు 2015 జనవరిలో కవాబుచి సబురో అను పెద్దమనిషిని పిలిచిరి. ఆయన ఫుట్‌బాల్ వాడు. 1993లో మొదలైన జపాను ఫుట్‌బాల్ లీగును నిలిపినవారిలో ముఖ్యుడు. వయసు 78. బయటివాడగుటయే మేలైనదని నా యూహ. ఆయన ఇరుపక్షములను మొగమోటము లేక ఒకచోట చేర్చెను. జట్టు పేరులో ఊరి పేరుండవలెను. పై శ్రేణి కోరువారికి అయిదువేలమంది కూర్చుండు మందిర ముండవలెను. ఆ వేసవిలోనే నిషేధము తొలగెను. స్త్రీలు ఆసియా పోటీ మరల గెలిచి రియోకు వెళ్లిరి.

2016 సెప్టెంబరు 22న టోక్యోలో కొత్త బి. లీగు ఆరంభమయ్యెను. మొదటి యాటకు కంపెనీల పక్షమునుండి ఆల్వార్కు టోక్యో, విడిపోయిన లీగునుండి దాని ఆఖరి విజేతయగు ఒకినావా ద్వీపపు ర్యూక్యూ జట్టు ఎదురెదురుగ నిలిచెను. టోక్యో 80–75తో గెలిచెను. ఆ యేడు రెండు శ్రేణులలో పదునెనిమిదేసి జట్లు.

ఫలము వెంటనే రాలేదు. 2019 ప్రపంచ పోటీలో పురుషులు అయిదాటలును ఓడిరి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో మూడును ఓడిరి. అచ్చటనే స్త్రీలు వెండి పతకము గెలిచిరి. వారి లీగు నేటికిని అధికముగ కంపెనీల జట్లదే! కావున కంపెనీలనే నిందించుట న్యాయము కాదు.

2023 ప్రపంచ పోటీలో ఒక భాగము ఒకినావాలో, ర్యూక్యూ జట్టు స్వంత మందిరమున జరిగెను. అచ్చట జపాను పురుషులు మూడాటలు గెలిచి, 1976 తరువాత మొదటిసారి తమ ఆటచేతనే ఒలింపిక్సునకు అర్హులైరి. 2024లో పారిసున ఆతిథ్యదేశమగు ఫ్రాన్సుతో అదనపు సమయము వరకు పోరాడి 94–90తో ఓడిరి.