పగటి బండికి నో ఎంట్రీ

నాగపూర్ వైపు నుంచి దిగే లారీ ముప్కాల్ దాటిందంటే పట్నం ఇంకో రెండొందల కిలోమీటర్లు. డ్రైవర్‌కు దూరంతో పేచీ లేదు, టైంతోనే. పగలు హైదరాబాద్ నడిబొడ్డుకు భారీ వాహనాలను రానివ్వరు. తొందరపడి చేరినా ఊరి బయట నిలబడాల్సిందే. ఈ నో ఎంట్రీ మోటార్లు వచ్చాక పుట్టిందనుకుంటాం గానీ, ఎడ్లు, కంచరగాడిదలు బండ్లు లాగే రోజుల్లోనే రోమ్‌లో ఇది చట్టం.

దక్షిణ ఇటలీలోని హెరాక్లియా దగ్గర 1732లో కంచు ఫలకం ఒకటి దొరికింది. దాని మీది శాసనం జూలియస్ సీజర్ కాలానిదని, క్రీ.పూ. 45 ప్రాంతానిదని చెబుతారు. పొద్దు పొడిచినప్పటి నుంచి పదో గంట దాకా, అంటే మన లెక్కన సాయంత్రం నాలుగు అటూ ఇటూ, రోమ్ వీధుల్లో బండి తిరగకూడదు. అసలు రుచి మినహాయింపుల్లో ఉంది. గుళ్లకు రాళ్లు మోసే బండి రావచ్చు. వెస్టల్ కన్యలనే పూజారిణుల బండి రావచ్చు. గెలిచొచ్చిన సేనాని ఊరేగింపు రావచ్చు. రాత్రి సరుకు దించి ఖాళీగా తిరిగిపోయేదీ, ఊరి పెంట ఎత్తుకుపోయేదీ పగలు కదలవచ్చు. వీఐపీ పాసు, చెత్తబండి పాసు ఒకే ఫలకం మీద!

అదే ఫలకంలో ఇంకో నిబంధన: ఎవరింటి ముందు రోడ్డు వాళ్లే బాగుచేసుకోవాలి. చెయ్యకపోతే ఈడైల్ అనే అధికారి కాంట్రాక్టుకిచ్చి ఖర్చు ఇంటాయన మీద రాస్తాడు. ముప్పై రోజుల్లో కట్టకపోతే సగం అదనం. మన మున్సిపాలిటీల కంట ఇది పడకపోవడం ఇళ్ల ఓనర్ల అదృష్టం.

పగలు ఆపిన బండి రాత్రి రాక తప్పదు. రాతి పలకల మీద ఇనుప పట్టీల చక్రాలు, ఇరుకు మలుపుల్లో చిక్కుకున్న బండివాళ్ల తిట్లు. రోమ్‌లో నిద్రపోవాలంటే బాగా డబ్బుండాలని కవి జువెనల్ వాపోయాడు. పోనీ పగలైనా వీధి నడిచేవాళ్లకు దక్కిందా అంటే, అక్కడ అంగళ్లు కూచున్నాయి. మంగలి, కసాయి, వంటవాడు, సారా కొట్టువాడు గడప దాటి రోడ్డెక్కితే క్రీ.శ. 92 ప్రాంతంలో డొమీషియన్ చక్రవర్తి అందరినీ వెనక్కి నెట్టించాడు. కవి మార్షల్ అందుకు ఆయన్ని మెచ్చుకున్నాడు. ఆ కొట్లవాళ్ల తరఫున పద్యం రాసినవాళ్లు మాత్రం కనబడరు. ఫుట్‌పాత్ ఆక్రమణల తొలగింపు అనే వార్త అప్పటికే పాతది.

క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిద కింద పడ్డ పాంపేలో అలాంటి వీధులు ఇంకా ఉన్నాయి. రోడ్డుకు అడ్డంగా మోకాలెత్తు రాళ్లు వేశారు. కింద మురుగు పారుతుంటే మనుషులు వాటి మీదుగా దాటేవాళ్లు, చక్రాలు సందుల్లోంచి పోయేవి. చక్రాల గాడులు రాతిలో లోతుగా దిగిపోయాయి. ఆ రాళ్ల ఏ అంచు ఎటువైపు అరిగిందో చూసి ఎరిక్ పోలర్ అనే అమెరికన్ పురావస్తు పరిశోధకుడు కొన్ని వీధులు వన్‌వే అని తేల్చాడు.

అదే కాలంలో మన వైపూ బండ్లు కదులుతున్నాయి. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి పుస్తకం 'పెరిప్లస్' ప్రకారం, పైఠాన్ నుంచి రంగురాళ్లు, తగర నుంచి బట్టలు సరైన దారుల్లేని ప్రాంతాల మీదుగా బండ్ల మీద భరుకచ్ఛం రేవుకు పోయేవి. తగర అంటే నేటి మహారాష్ట్రలోని తేర్. సముద్ర తీరపు సరుకు కూడా తగరకు చేరేదంటాడు. అది తూర్పు తీరానిదని, తెలంగాణ మీదుగానే వెళ్లి ఉంటుందని చరిత్రకారుల అంచనా. ప్రాచీన అశ్మక రాజ్యపు రాజధాని పోదన మన బోధనే అంటారు. కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేలు బయటపడ్డాయి.

వీధి చట్టాలూ మనకు తక్కువేం కాదు. వీధిలో దుమ్ము పోస్తే పణంలో ఎనిమిదో వంతు, బురద నీళ్లు నిలబెడితే పావు పణం జరిమానా అని కౌటిల్యుడి అర్థశాస్త్రం. రాజమార్గం మీదైతే రెట్టింపు. ముకుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసు విరిగినా జరిగిన ప్రమాదానికి బండివాడికి శిక్ష లేదంటుంది మనుస్మృతి. “తప్పుకో” అని అరిచినా లేదు. లారీ వెనక రాసే 'హారన్ ప్లీజ్'కు ముత్తాత ఈ అరుపే కాబోలు.

మళ్లీ రోమ్ సంగతికొస్తే, క్లాడియస్ చక్రవర్తి సీజర్ కన్నా ఇంకో అడుగు ముందుకేశాడు. ఇటలీ ఊళ్లలోంచి పోయే బాటసారులు బండి దిగి నడవాలి, లేదా పల్లకి ఎక్కాలి. హేడ్రియన్ వచ్చి బరువు బండ్లు అసలు రోమ్‌లోకే రావద్దన్నాడు. ఒకే సంగతిని ఇందరు మళ్లీ మళ్లీ చెప్పారంటే ఎవరూ పెద్దగా విన్నట్టు లేదు.

బండి ఊరి బయట ఆగితే దాని మీద బతికేవాళ్లూ అక్కడికే చేరతారు. పాంపేలో సత్రాలు, పశువుల కొట్టాలు కోట గుమ్మాల దగ్గరే గుంపుగా కనిపిస్తాయి. బైపాస్ పడిన ప్రతి ఊళ్లోనూ ఇదే వరస: ముందు పంక్చర్ షాపు కదులుతుంది, వెనకే చాయ్ హోటల్, ఆ తర్వాత దాబా.