పేరాలలో సొంత ఇల్లు: రామనగరం నుంచి రెండు సెంట్ల పట్టా దాకా

పేరాల నేడు బాపట్ల జిల్లా చీరాల పురపాలక సంఘంలో ఒక భాగం. నూరేళ్ళ కిందట అది గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో చీరాలను ఆనుకుని ఉన్న వేరే ఊరు. జనంలో ఎక్కువమంది నేతపని వాళ్ళు, తక్కినవాళ్ళు చిన్న రైతులు, కూలీలు. సముద్రం దగ్గరి ఇసుక నేల కావడంతో నాలుగు నిలువులు తవ్వకుండానే బావిలో నీళ్ళు పడేవి. ఈ ప్రాంతపు రుమాళ్ళు, ముఖ్యంగా నూనె, బూడిద పట్టించి అద్దకం వేసే తేలియా రుమాళ్ళు, సముద్రాలు దాటి అరబ్బు దేశాలకు వెళ్ళేవి.

నేతపని వాడికి ఇల్లు ఒట్టి కాపురం చోటు కాదు. గుంట మగ్గం ఇంట్లోనే ఉంటుంది. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, అడుగున ఉన్న పావళ్ళు తొక్కుతూ నేయాలి. ఇంటి ఆడవాళ్ళు, పిల్లలు రాట్నం మీద కండెలు చుడతారు. పడుగుకు గంజి పట్టించి కుంచెతో దువ్వే పని ఇంటి ముందు వీధిలో జరుగుతుంది. ఇల్లు పోతే బతుకుతెరువు కూడా పోయినట్టే. పేరాలలో ఇంటి గురించి ప్రభుత్వాలు చేసిన ప్రతి ఏర్పాటునూ ఈ లెక్కతోనే తూచాలి.

1919కి ముందు చీరాల, పేరాల ఊళ్ళ పాలన యూనియన్ అనే స్థానిక సంఘం చేతిలో ఉండేది. యూనియన్ వసూలు చేసే పన్ను ఏడాదికి సుమారు 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం రెండు ఊళ్ళనూ కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్ను బరువు ఒక్కసారిగా సుమారు 40,000 రూపాయలకు పెరిగింది. అప్పటికి రెండు ఊళ్ళ జనాభా దాదాపు 15,000. పట్టణ హోదాతో వచ్చే మురుగు కాలవలు, నీటి సరఫరా ఇసుక నేల మీద బతికే జనానికి అంత అవసరంగా తోచలేదు. రోజుకింత కూలి చొప్పున నేసేవాడికి ఇంటి పన్ను పది రెట్లు కావడమంటే, ఉన్న ఇంటినే మళ్ళీ వాయిదాల మీద కొనుక్కోవడం.

అదే 1919లో బ్రిటన్ పార్లమెంటు ఆడిసన్ చట్టం చేసింది. పట్టణ కౌన్సిళ్ళు కార్మికుల కోసం ఇళ్ళు కట్టి అద్దెకివ్వాలి, నష్టం వస్తే ఖజానా భరిస్తుంది అన్నది దాని సారం. ఐదు లక్షల ఇళ్ళు లక్ష్యంగా పెట్టుకున్నారు. లక్ష్యం నెరవేరలేదు గానీ, పేదవాడి ఇల్లు పట్టణ పాలన బాధ్యత అన్న మాట అక్కడ చట్టంలోకి ఎక్కింది. అదే సామ్రాజ్యంలోని పేరాలకు మునిసిపాలిటీ పన్నుల చీటీతోనే వచ్చింది.

ఊరివాళ్ళు మొదట అర్జీలు పెట్టారు. స్థానిక పాలన మంత్రి పానగల్లు రాజా దాకా మాట వెళ్ళినా పని కాలేదు. ఎన్నికైన కౌన్సిలర్లు 1921 జనవరిలో రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతం ఇచ్చి ఛైర్మన్‌ను నియమించింది. జనం పన్ను కట్టడం మానేశారు. కట్టనందుకు కొందరు జైలుకు వెళ్ళారు. వారిలో రావూరి అలమేలు మంగతాయారమ్మ అనే మహిళ కూడా ఉంది. ఈ పోరాటాన్ని నడిపినవాడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివి, కళా విమర్శకుడు ఆనంద కుమారస్వామితో కలిసి నాట్య గ్రంథమైన అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన పండితుడాయన. వీధి జనాన్ని కదిలించే మాటకారి కూడా. రామదండు పేరుతో ఆయన తయారుచేసిన వాలంటీర్లే ఉద్యమానికి కాళ్ళూ చేతులూ.

బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం ముగించుకున్న గాంధీ 1921 ఏప్రిల్ 6న చీరాల వచ్చాడు. ఆయన రెండు దారులు చూపాడు. ఒకటి, పన్ను కట్టకుండా వచ్చే శిక్షను శాంతంగా భరించడం. రెండోది, మునిసిపాలిటీ ఎల్లలు దాటి వలసపోవడం. రెండోది కష్టమని చెప్తూనే, నిర్ణయం ఊరివాళ్ళదేనని వదిలిపెట్టాడు. వాళ్ళు కష్టమైనదాన్నే ఎంచుకున్నారు.

ఏప్రిల్ నెలాఖరుకు ఇళ్ళకు తాళాలు పడ్డాయి. 15,000 మందిలో 13,000 మందికి పైగా ఊరి ఎల్ల అవతల పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగరం అని పేరు పెట్టారు. ఎండాకాలంలో మొదలైన వలస వానాకాలంలో తడిసి, చలికాలంలోకి నడిచింది. తగవులు తీర్చుకోవడానికి రామనగరంలో సొంత పంచాయతీ ఉండేది, కాపలా రామదండు చూసుకునేది. గోపాలకృష్ణయ్య దీన్ని స్వరాజ్యానికి చిన్న నమూనాగా చూశాడు. నేతగాడి వైపు నుంచి చూస్తే సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పాకలో మగ్గం పెట్టుకోవచ్చు గానీ వాన పడితే గుంటలో నీళ్ళు నిలుస్తాయి, నూలు చెమ్మగిల్లుతుంది, నేత ఆగుతుంది. సొంత ఇంటికి పన్ను కట్టలేక బయటికొచ్చినవాళ్ళకు రామనగరంలో రాబడీ తగ్గింది. ఆ స్థితిలో అన్ని నెలలు నిలబడటం చిన్న విషయం కాదు. దేశ చరిత్ర పుస్తకాలు దీన్ని సహాయ నిరాకరణ అధ్యాయంలో ఒక పేరాతో సరిపెడతాయి. అసలు తగాదా ఇంటి ఖర్చు గురించినదన్న సంగతి ఆ పేరాలో కనపడదు.

1921 చివరి నెలల్లో గోపాలకృష్ణయ్య బరంపురంలో అరెస్టయ్యాడు. ఏడాది శిక్ష పడి తిరుచిరాపల్లి జైలుకు వెళ్ళాడు. డబ్బు, నాయకత్వం రెండూ కరువై, దాదాపు పదకొండు నెలల తర్వాత జనం తిరిగి తమ ఇళ్ళకు చేరారు. 1928లో గోపాలకృష్ణయ్య చనిపోయాడు.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వం ఇంటి విషయంలో పన్ను అడగడమే కాక సొమ్ము ఇవ్వడం కూడా మొదలుపెట్టింది. 1953లో కేంద్రం మిల్లు గుడ్డ మీద అదనపు ఎక్సైజు సుంకం వేసి, ఆ రాబడిని ఖద్దరు, చేనేతల అభివృద్ధికి కేటాయించే చట్టం తెచ్చింది. చేనేత సహకార సంఘాల ద్వారా కాలనీలు కట్టించే పథకం ఆ దారిలోనే వచ్చింది. కొంత గ్రాంటు, మిగతాది దీర్ఘకాలపు అప్పు. చీరాల నుంచి శాసనసభకు ఎన్నికైన చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య నేతగాళ్ళ సహకార సంఘాల కోసం జీవితమంతా పనిచేశాడు. సహకార పద్ధతికి ఒక బలం ఉంది: నూలు ఇచ్చే సంఘమే ఇంటి అప్పుకు పూచీ పడేది. ఒక బలహీనతా ఉంది: సంఘంలో లేని కూలి నేతగాడికి, అంటే షావుకారు ఇచ్చిన నూలును నేసి మజూరీ తీసుకునేవాడికి, అందులో చోటు లేదు. 1980ల నడుమ కేంద్రం తెచ్చిన ఇల్లు, పనిషెడ్డు కలిపిన పథకం మగ్గాన్ని ఇంటి కొలతలో చేర్చింది. లెక్క సరైనదే. పేరాల లాంటి ఊళ్ళకు కావలసిన ఆలోచన అది.

ఇళ్ళ విషయంలో ఈ తీరానికి పెద్ద దెబ్బలు సముద్రం నుంచి వచ్చాయి. 1977 నవంబరు 19 తుపాను దివిసీమను ఊడ్చేసి, బాపట్ల తీరం అంతటా పూరిళ్ళను నేలమట్టం చేసింది. ఆ తర్వాత తీరంలో పక్కా ఇల్లు ప్రాణరక్షణ విషయమైంది. 1979లో ఏర్పడిన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ బలహీన వర్గాల ఇళ్ళకు అప్పులు ఇచ్చే ప్రధాన సంస్థగా ఎదిగింది. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం, 2006లో ఇందిరమ్మ పేరుతో వైఎస్ ప్రభుత్వం పక్కా ఇళ్ళను పెద్ద సంఖ్యలో చేపట్టాయి.

అప్పుతో కట్టిన ఇల్లు పూర్తిగా సొంతం కావడం మాత్రం ఆలస్యమైంది. వాయిదాలు కట్టలేనివాళ్ళు ఎక్కువ. దాంతో ఇల్లు గృహనిర్మాణ సంస్థకు తాకట్టుగానే ఉండిపోయింది. అమ్మడానికి, బ్యాంకులో అప్పు తీసుకోవడానికి పనికొచ్చే కాగితం వాళ్ళ చేతిలో లేదు. 1983 నుంచి 2011 ఆగస్టు 15 దాకా అప్పు తీసుకున్నవాళ్ళకు 2021 డిసెంబరులో రాష్ట్రం ఏకమొత్తంగా అప్పు తీర్చుకునే పథకం ప్రకటించింది. గ్రామాల్లో 10,000, మునిసిపాలిటీల్లో 15,000, కార్పొరేషన్లలో 20,000 రూపాయలు కడితే హక్కు పత్రం రిజిస్టరు చేసి ఇస్తామన్నారు. ముప్పయ్యేళ్ళకు పైగా సొంత ఇంట్లో ఉన్నవాడు 15,000 కట్టి దాని యజమాని కావలసి రావడం ఆ కార్యక్రమాల నిర్మాణంలోని లోపాన్నే చూపిస్తుంది.

2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం మొదలైంది. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి, 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లను గ్రౌండ్ మీద మూడంతస్తులుగా కట్టడం ప్రారంభించింది. పేదవాడికి లిఫ్టు లేని మేడ ఎలా ఉంటుందన్నది వేరే చర్చ. నేతగాడికి అసలు ఇబ్బంది, రెండో అంతస్తు గచ్చులో గుంట తవ్వలేకపోవడం. ఫ్రేమ్ మగ్గం పెట్టుకోవచ్చు గానీ, దాని చప్పుడు పక్క ఫ్లాటుకూ పోతుంది. పడుగు సాగదీసే వీధి మేడ మీద దొరకదు.

2020 డిసెంబరు 25న మొదలైన పేదలందరికీ ఇళ్ళ కార్యక్రమం మేడ నుంచి నేలకు దిగింది. 30 లక్షలకు పైగా పట్టాలు మహిళల పేరు మీద ఇచ్చారు: గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో ఒక సెంటు. సెంటంటే 48.4 చదరపు గజాలు. ఇల్లు కట్టుకోవడానికి 1,80,000 రూపాయల సాయం. నేల దొరికింది గానీ, కొలతలో మగ్గం మళ్ళీ లేదు. వంటిల్లు, పడకగది, మరుగుదొడ్డి వేశాక సెంటు భూమిలో గుంట మగ్గానికి మిగిలేది వరండా మాత్రమే. 2019 నుంచి మగ్గం ఉన్న చేనేత కుటుంబానికి ఏటా 24,000 రూపాయలు ఇచ్చిన నేతన్న నేస్తం కూడా ఈ పట్టాలు ఇచ్చిన ప్రభుత్వం పథకమే. మగ్గం ఉన్నందుకు డబ్బు ఒక శాఖ ఇచ్చింది, మగ్గానికి చోటు లేని స్థలం మరో శాఖ ఇచ్చింది.

2024లో వచ్చిన ప్రభుత్వం స్థలాన్ని పట్టణాల్లో రెండు, గ్రామాల్లో మూడు సెంట్లకు పెంచింది. రెండు సెంట్లంటే 871 చదరపు అడుగులు. మగ్గం గది, కాపురం గది వేరువేరుగా వేసుకోవడానికి అది చాలుతుంది. ఒక సెంటు చాలలేదు.