వెదురు కర్రకు తగిన తాడు: అంకె దాచిన చరిత్ర

గాలం వేట మీద ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాలు తాడు చరిత్రని దాదాపు ఒకే వరసలో చెబుతాయి. ముందు గుర్రపు వెంట్రుక, తర్వాత పట్టు, ఆ తర్వాత నైలాను, చివరికి ప్లాస్టిక్ పూత పూసిన తాడు. ప్రతి మెట్టూ కిందటి మెట్టు కంటే మేలైనదే అన్న తీర్పు ఆ వరసలోనే ఇమిడి ఉంటుంది. మన దేశం ఆ కథలో వెదురు పంపిన చోటుగా ఒక్కసారి కనిపించి మాయమవుతుంది. ఇవాళ జూబ్లీహిల్స్‌లోనో ఫిల్మ్‌నగర్‌లోనో ఉండే వేట సరదా మనిషి ఎవరైనా పాత వెదురు ఫ్లై రాడ్డు సంపాదించి దానికి తాడు వెతకబోతే, ఆ కథే పెట్టె మీద అంకెగా మారి ఎదురొస్తుంది: అయిదో నంబరు రాడ్డుకి అయిదో నంబరు లైను. ఈ సూత్రం సగమే నిజం. మిగతా సగం ఎక్కడ జారిపోయిందో చూడాలి.

మామూలు గాలంలో ఎరకో సీసపు గుండుకో ఉన్న బరువు తాడుని లాక్కుపోతుంది. ఫ్లై అంటే ఈకా దారమూ చుట్టి చేసిన పురుగు బొమ్మ. దానికి చెప్పుకోదగ్గ బరువు ఉండదు కాబట్టి తాడే బరువు. గాలిలో సాగిన తాడు కర్రని వంచుతుంది. వంగిన కర్ర నిటారవుతూ తాడుని ముందుకు తోస్తుంది. కర్రకు తగిన తాడంటే దాన్ని సరిపడా వంచే బరువున్న తాడన్నమాట.

తొలి దశలు తెలిసినవే. మాసిడోనియాలో ఈకల పురుగుతో చేపలు పట్టేవారని క్రీ.శ. 200 ప్రాంతంలో రోమన్ రచయిత ఏలియన్ రాశాడు. 1496లో ఇంగ్లండులో అచ్చయిన గాలం వేట గ్రంథం నాటికే గుర్రపు వెంట్రుకలు పేని తాడు చెయ్యడం స్థిరపడిన విద్య. కొస వైపు వెంట్రుకల సంఖ్య తగ్గిస్తూ సన్నగా పేనేవారు. మన వైపు, కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి 'మానసోల్లాసం' 12వ శతాబ్దంలోనే మత్స్యవినోదాన్ని రాజుల కాలక్షేపాల్లో ఒకటిగా చేర్చి, చేపల జాతులనీ ఎరలనీ వివరంగా చెప్పింది. నేటి తెలంగాణలో చాలా భాగం ఆనాడు ఆ రాజ్యం నీడలోనే ఉంది. అంటే గాలాన్ని శాస్త్రంగా రాసుకోవడం మనకి తెల్లవాళ్లు నేర్పిన విద్య కాదు.

తాడు పదార్థం విషయంలోనూ మన వైపు సాక్ష్యం ఉంది. మద్రాసులో పనిచేసిన వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ 19వ శతాబ్దంలో స్థానిక నారల బలం పరీక్షించాడు. ఒకే మందమున్న తాళ్లకి తెగేదాకా బరువులు కట్టాడు. కొబ్బరి పీచు 224 పౌండ్ల దగ్గర, గోగునార 290 దగ్గర, పత్తి 346 దగ్గర తెగాయి. జనుము నాలుగు వందలు దాటింది. జిల్లేడు నార 552 పౌండ్లు మోసింది. 1855లో ఫోర్బ్స్ రాయిల్ భారతీయ నారమొక్కల మీద వేసిన పుస్తకంలో ఈ లెక్కలున్నాయి. ఊరి బయట ఎవరూ నాటకుండానే మొలిచే జిల్లేడు నుంచి వింటినారులూ, చేపల వలలూ, గాలపు తాళ్లూ చేసుకునేవారని ఆనాటి రాతలు చెబుతాయి. ఈ పరీక్షని మరీ పెద్దది చెయ్యకూడదు. నిలకడగా వేలాడదీసిన బరువు వేరు, కొరమీను ఒక్కసారిగా గుంజే ఊపు వేరు. పైగా జిల్లేడు కాడల నుంచి నార తియ్యడం చేతులు నొప్పెట్టే పని. అయినా బొంగు కర్రకి కట్టిన మన తాడు కోరినవి గట్టితనం, సన్నదనం, నీటిలో కుళ్లని గుణం. బరువు దానికి అక్కర్లేదు, ఎందుకంటే దాన్ని విసిరేవారు కాదు. జీలుగు బెండు కట్టి దించేవారు. అవసరం వేరు గనుక ఎంపిక వేరయింది. దాన్ని పట్టుతాడు కంటే వెనకబడ్డ మెట్టుగా లెక్కించడం పొరపాటు.

కర్ర విషయానికొస్తే, 1840లలో పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల పనివాడు వెదురు బద్దలు అతికి కర్రలు చేశాడు. 1870లలో మెయిన్ రాష్ట్రంలో హైరమ్ లియొనార్డ్ ఆరు బద్దల కర్రని వ్యాపారంగా నిలబెట్టాడు. వాళ్లు వాడింది కలకత్తా నుంచి వెళ్లిన వెదురు. బోలు తక్కువగా ఉండే సాధనపు వెదురే అదని సాధారణంగా చెబుతారు. ఆ జాతి మన నల్లమలలోనూ ఆదిలాబాదు అడవుల్లోనూ పెరిగేదే. 20వ శతాబ్దం మొదలయ్యాక దక్షిణ చైనా వెదురు దాని చోటు ఆక్రమించింది.

ఇక అసలు వివాదమంతా నైలాను వచ్చిన 1939కీ, తాడు బరువు ప్రమాణమైన 1961కీ నడుమ ఉంది. అప్పటిదాకా ఫ్లై తాడంటే అవిసె నూనె పట్టించిన అల్లిక పట్టు. దాని మందాన్ని అక్షరాలతో చెప్పేవారు. ఏ అంటే అంగుళంలో వెయ్యింట 60 వంతుల మందం. డీ అంటే 45, ఈ అంటే 40, హెచ్ అంటే 25. హెచ్‌డీహెచ్ అని రాస్తే రెండు కొసలూ సన్నం, నడుము డీ మందం. తాళ్లన్నీ పట్టువే కాబట్టి మందం తెలిస్తే బరువు ఇంచుమించుగా తెలిసినట్టే. కర్ర చేసినవాడు కర్ర మీద ఆ మూడక్షరాలు రాస్తే సరిపోయేది.

నైలాను వచ్చి ఈ లెక్క చెరిపేసింది. నైలాను సాంద్రత 1.14 దగ్గర, పట్టుది 1.3 ప్రాంతం, డాక్రాన్ అనే పాలియెస్టరుది 1.38 దగ్గర. అదే హెచ్‌డీహెచ్ నైలానులో కొంటే కర్ర సరిగ్గా వంగదు, డాక్రాన్‌లో కొంటే ఎక్కువ వంగుతుంది. 1950లలో ప్లాస్టిక్ పూత తాళ్లు రావడంతో గందరగోళం ముదిరింది. 1961లో అమెరికా వేట సామగ్రి తయారీదారుల సంఘం బరువుని ప్రమాణం చేసింది. కొసన తిన్నగా ఉండే చిన్న ముక్క వదిలేసి, మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు తూగితే అయిదో నంబరు, 160 అయితే ఆరు, 185 అయితే ఏడు, 210 అయితే ఎనిమిది. పాత అక్షరాలకీ కొత్త అంకెలకీ పట్టికలు వచ్చాయి: హెచ్‌ఈహెచ్ అంటే అయిదు, హెచ్‌డీహెచ్ అంటే ఆరు.

ప్రచారంలో ఉన్న కథ ఇక్కడ చప్పట్లు కొట్టి ముగుస్తుంది: గందరగోళం పోయింది, శాస్త్రం వచ్చింది. వెదురు కర్ర వైపు నుంచి చూస్తే మాత్రం రెండు నష్టాలు కనిపిస్తాయి. మొదటిది మందం. తాడు ఆకారానికీ, తేలుతుందో మునుగుతుందో చెప్పడానికీ అంకె పక్కన అక్షరాలు చేర్చారు గానీ మందం లెక్కలోంచి తప్పుకుంది. తేలే ప్లాస్టిక్ తాడు నీటి కంటే తేలిక కావాలి. కాబట్టి అదే బరువున్న పట్టుతాడు కంటే లావుగా ఉంటుంది. లావు తాడుని ఎదురుగాలి పట్టుకుంటుంది, వెదురు కర్ర ఇరుకు కంటిరింగుల్లో అది ఒరుసుకుంటుంది.

రెండో నష్టం ఇంకా పెద్దది. అంకె చెప్పేది 30 అడుగుల తాడు గాలిలో ఉన్నప్పటి బరువు. వేటగాడు 20 అడుగులే బయటికి వదిలితే? అయిదో నంబరు తాడులో అప్పుడు కర్ర మీద పడే బరువు 93 గ్రెయిన్లకి మించదు. కొస సన్నం కాబట్టి నిజానికి ఇంకా తక్కువ. పూర్తి 140 గ్రెయిన్లు 20 అడుగుల్లోనే కావాలంటే లెక్క ప్రకారం ఎనిమిదో నంబరు దాకా పోవాలి. ఈ ఒక్క లెక్క చాలు, కర్ర మీది అంకె కర్రకి పుట్టుగుణం కాదని, ఒక దూరానికి మాత్రమే సరిపోయే ఒప్పందమని తెలుసుకోవడానికి.

అలాగని అయిదో నంబరు కర్రకి ఎనిమిదో నంబరు తాడు కట్టమని నా వాదన కాదు. దగ్గర విసురుకి కర్ర పూర్తిగా వంగక్కర్లేదు. వెదురు కర్రకి గాజునార, గ్రాఫైట్ కర్రలకి లేని సొంత బరువుంది. విసురులో కొంత పని ఆ బరువే చేసిపెడుతుంది. అందుకే చాలా వెదురు కర్రలకి చిన్న దూరాల్లో ఒక్క నంబరు పెంచితే చాలు. మరీ నెమ్మదిగా వంగే కర్రకి అదీ అక్కర్లేదు. పాత పట్టుతాళ్లలో నూనె పూత ఒక్కో తయారీదారు దగ్గర ఒక్కోలా ఉండేది గనుక, హెచ్‌డీహెచ్ అని రాసిన కర్ర ఒకటి ఆరో నంబరుకి బాగా పలికితే, మరొకటి అయిదుకి పలకొచ్చు.

మరి పట్టు ఎందుకు ఓడింది? విసురులో ఓడలేదు, సాకడంలో ఓడింది. వేట అయ్యాక పట్టుతాడుని రీలు నుంచి పూర్తిగా విప్పి ఆరబెట్టాలి, తేలాలంటే మైనంలాంటి గ్రీజు రాయాలి, లేకపోతే కుళ్లుతుంది. పాతబడ్డ నూనె పూత ఎండకి జిగురెక్కి చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వెదురు వెనకబడటంలోనూ నాణ్యత ఒక్కటే కారణం కాదు. 1950లో చైనా సరుకు మీద అమెరికా పెట్టిన నిషేధం 1970ల ఆరంభం దాకా సాగింది. ముడిసరుకు ఆగిన ఆ కాలంలోనే గాజునార కర్ర అంగడిని నింపింది.

ఈ వాదన మన నీళ్లకి ఎక్కువగా వర్తిస్తుంది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో భారతదేశపు గాలం వేట మీద పుస్తకం రాసి, అక్కడితో ఆగక 1887లో చెరువుల్లో వేటకే వేరే పుస్తకం వెయ్యాల్సి వచ్చింది. చెరువు వేట, వాగు వేట ఒకటి కావని ఆయన గుర్తించాడు. చెరువు గట్టున తుంగా తామరా అంచున, చేప పది గజాల లోపే ఉంటుంది. దుర్గం చెరువు చుట్టూ ఉన్నలాంటి రాతిగుట్టల మధ్య తాడు వెనక్కి సాగడానికి జాగా కూడా తక్కువ. అక్కడ 30 అడుగుల ప్రమాణం అక్కరకి రాని ప్రమాణం.

వర్తమానం మీద నాకు పెద్ద భరోసా లేదు. వేగంగా స్పందించే గ్రాఫైట్ కర్రల కోసం తయారీదారులు తాళ్ల బరువు పెంచుతూ, అంకె మాత్రం పాతదే వేస్తున్నారు. అయిదో నంబరుకి ప్రమాణం ఒప్పుకునే హద్దు 134 నుంచి 146 గ్రెయిన్లు. ఆ అంకె వేసిన కొన్ని తాళ్లు ఆరో నంబరు బరువు తూగుతున్నాయి. అంటే 1961కి ముందటి గందరగోళమే మరో వేషంలో తిరిగొచ్చింది. వాడి పారేసిన నైలాను చెరువు గట్ల మీద పక్షుల కాళ్లకి చుట్టుకుంటోంది. జిల్లేడు నార పేనే పనితనమైతే ఎవరూ సరిగ్గా రాసిపెట్టకముందే కనుమరుగైంది.

కాబట్టి వెదురు కర్ర ఉన్నవాళ్లు పెట్టె మీది అంకెని నమ్మి డబ్బు పెట్టకూడదు. తాడు మొదటి 30 అడుగులు చుట్టగా చుట్టి బంగారం తూచే కాటా మీద పెడితే చాలు. 9.1 గ్రాములు, అంటే 140 గ్రెయిన్లు తూగితే అది నిజమైన అయిదు, 10.4 అయితే ఆరు. తర్వాత తాము వేటాడే చెరువులో ఎంత దూరం విసురుతారో, అంత తాడే బయటికి తీసి కర్ర వంపు చూసుకోవాలి. ఆ వంపు చెప్పేదానికీ పెట్టె చెప్పేదానికీ తేడా వస్తే, కర్ర మాటే వినాలి.