శామ్ కుక్: చర్చి దాటినా మారని గొంతు

అమెరికన్ గాయకుడు శామ్ కుక్ జీవితాన్ని చాలామంది మూడు అంకాలుగా చెబుతారు. పాస్టరుగారి అబ్బాయి చర్చి పాటలతో పేరు తెచ్చుకున్నాడు. డబ్బు కోసం, కీర్తి కోసం వాటిని వదిలి ప్రేమపాటల వైపు వెళ్లాడు. చివరికి నల్లజాతివారి హక్కుల గురించి ఒక గొప్ప పాట పాడి మళ్లీ తన మూలాలను చేరుకున్నాడు. ఇల్లు విడిచి వెళ్లి తిరిగొచ్చిన కొడుకు కథ బైబిల్లోనే ఉంది కాబట్టి, చర్చిలో పుట్టి పెరిగిన గాయకుడికి ఈ కథ ఇట్టే అతికింది. అయితే 1951 నుంచి 1964 దాకా అతని రికార్డులను వరసగా వింటే ఇది నిలవదు. అతను వదిలింది చర్చి మాటలనే. అక్కడ నేర్చిన పాడే పద్ధతిని ఒక్కరోజు కూడా వదల్లేదు.

ఆ పద్ధతి ఎలా తయారైందో ముందు చూడాలి. శామ్ 1931 జనవరి 22న మిసిసిపీ రాష్ట్రంలోని క్లార్క్స్‌డేల్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం షికాగోకు వలస వెళ్లింది. తోబుట్టువులతో కలిసి చర్చిల్లో పాడుతూ, తర్వాత కుర్రాళ్ల బృందంలో చేరి, 1950 చివరికల్లా నల్లజాతి గాస్పెల్ (చర్చి భక్తిగీతాల) ప్రపంచంలో అగ్రశ్రేణి బృందమైన సోల్ స్టిరర్స్‌లో అడుగుపెట్టాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. అతను నింపవలసింది ఆర్.హెచ్. హ్యారిస్ స్థానం. ఇద్దరు ప్రధాన గాయకులు ఒకరి తర్వాత ఒకరు పాటను అందుకుంటూ సభను ఉర్రూతలూగించే శైలిని స్థిరపరిచిన మహానుభావుడు హ్యారిస్. పక్కన పాల్ ఫాస్టర్, అరిచి పాడితే హాలు దద్దరిల్లే గొంతు. శామ్ మొదట వాళ్లను అనుకరించబోయి దెబ్బతిన్నాడు. అందని పై స్వరం కోసం పెనుగులాడటం మాని, దాని కిందుగా జారి, ఒకే అక్షరం మీద నాలుగైదు స్వరాలను మన గమకంలా దొర్లించడం అలవాటు చేసుకున్నాడని బృంద నాయకుడు రాయ్ క్రెయిన్ చెప్పేవాడు. తర్వాత ప్రపంచమంతా గుర్తుపట్టిన ఆ మెలిక అలా ఒక లోటును కప్పుకునే ప్రయత్నంలో పుట్టింది.

ఇక చర్చి పాటల నుంచి ప్రేమపాటలకు దాటిన మాటకు వద్దాం. 1956 చివర్లో న్యూ ఆర్లియన్స్‌లో అతను ఒక ప్రేమపాట రికార్డు చేశాడు. సోల్ స్టిరర్స్‌తో తానే పాడిన 'వండర్‌ఫుల్' బాణీని తీసుకుని, దేవుడి స్థానంలో ప్రియురాలిని పెట్టి, 'లవబుల్' అన్నాడు. చర్చి శ్రోతలు నొచ్చుకుంటారన్న భయంతో డేల్ కుక్ అనే మారుపేరు వేశారు. ఆ గొంతు విన్నవాళ్లెవరూ మోసపోలేదు. పాట మొత్తంలో మారింది మాటలే అన్నది ఇక్కడ అసలు సాక్ష్యం. మరుసటి ఏడాది 'యూ సెండ్ మీ' వచ్చింది. అప్పటిదాకా అతని రికార్డులు వేసిన స్పెషాల్టీ కంపెనీ యజమాని ఆర్ట్ రూప్‌కు ఆ పాట వెనక వినిపించే మెత్తటి బృందగానం నచ్చలేదు; గొడవ పడ్డారు, విడిపోయారు. కీన్ అనే కొత్త కంపెనీ విడుదల చేస్తే అది పాప్, రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలు రెండింటిలోనూ మొదటి స్థానానికి వెళ్లింది. అందులో మాటలు పిడికెడు. పాటను నిలబెట్టేది ఆ జారుడు స్వరమే. అది తీసేస్తే మిగిలేది ఏమీ లేదు.

చర్చి జనం బాధ అబద్ధమని నేను అనడం లేదు. సోల్ స్టిరర్స్ పాడుతుంటే జనం పూనకం వచ్చినట్టు ఊగిపోయేవాళ్లు, స్పృహ తప్పేవాళ్లు. వాళ్లకు అది కచేరీ కాదు, ఆరాధన. దేవుడికి ఇచ్చిన గొంతును బజారుకెక్కించాడని వాళ్లకు అనిపించడంలో న్యాయం ఉంది. కానీ చర్చి పాటకూ ప్రేమపాటకూ మధ్య గోడ నమ్మకంలోనూ వ్యాపారంలోనూ ఉంది గాని సంగీతంలో లేదు. అదే స్పెషాల్టీ ఒక చేత్తో గాస్పెల్ రికార్డులు, మరో చేత్తో రాక్ అండ్ రోల్ గాయకుడు లిటిల్ రిచర్డ్ రికార్డులు అమ్మేది.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. 1960లో ఆర్‌సీఏ రికార్డు కంపెనీలో చేరాక అతను పాడిన చాలా పాటలు వయొలిన్ల దుప్పటి కప్పుకుని, తెల్లవారి క్లబ్బులకు నచ్చేలా చదును చేసినట్టుంటాయి. అందులో గాస్పెల్ ఎక్కడుందని అడుగుతారు. ఆ పాటల్లో కొన్ని నిజంగానే పేలవం, వాటిని సమర్థించను. కానీ స్టూడియోలో వచ్చినదే అతని పూర్తి స్వరూపం అనుకోవడం పొరపాటు. 1955 జులైలో లాస్ ఏంజెలెస్ ష్రైన్ ఆడిటోరియంలో సోల్ స్టిరర్స్ పాడిన 'నియరర్ టు దీ' రికార్డింగు ఉంది. ఎనిమిది నిమిషాలకు పైగా శామ్ అప్పటికప్పుడు చరణాలు అల్లుతూ, ఒకే మాటను తిప్పితిప్పి అంటూ, ఫాస్టర్ ఎగదోస్తుంటే జనాన్ని అంచెలంచెలుగా పైకి తీసుకెళ్తాడు. ఆడవాళ్ల కేకలు టేపులో వినిపిస్తూనే ఉంటాయి. 1963 జనవరిలో మయామీ నల్లజాతి పేటలోని హార్లెమ్ స్క్వేర్ క్లబ్బులో 'బ్రింగ్ ఇట్ ఆన్ హోమ్ టు మీ'కి ముందు ప్రియురాలికి ఫోన్ చేసిన కథ చెబుతూ అతను చేసింది అచ్చం ఇదే. సగం మాట, సగం పాట. గొంతు బొంగురుపోయేదాకా అడగడం, జనం చేత బదులు పలికించడం. ఆ పాట స్టూడియో రికార్డులో కూడా గాయకుడు లూ రాల్స్ రెండో గొంతుగా బదులిస్తాడు. అది హ్యారిస్ నాటి ఇద్దరు గాయకుల అమరికే. మయామీ టేపును కంపెనీ మరీ మోటుగా ఉందని పక్కన పెట్టింది. అది బయటికి వచ్చింది 1985లో.

అతను గాస్పెల్‌ను వాడుకుని వదిలేయలేదనడానికి మరో రుజువు డబ్బు వైపు నుంచి దొరుకుతుంది. జె.డబ్ల్యు. అలెగ్జాండర్‌తో కలిసి ఎస్ఏఆర్ అనే సొంత రికార్డు కంపెనీ పెట్టి, తన పాత బృందం సోల్ స్టిరర్స్‌నే మొట్టమొదట అందులోకి తీసుకున్నాడు. కుర్ర గాయకులైన ఓమాక్ సోదరుల గాస్పెల్ పాట బాణీకి కొత్త మాటలు కట్టించి 1962లో 'లుకింగ్ ఫర్ ఎ లవ్' చేయించాడు. 'లవబుల్'కు తాను చేసిన పనినే, ఈసారి మారుపేరు లేకుండా, తమ్ముళ్లలాంటి కుర్రాళ్ల చేత చేయించాడు. పాటల ప్రచురణ హక్కులు కూడా తన చేతిలోనే ఉంచుకున్నాడు. ఆ రోజుల్లో నల్లజాతి గాయకుల్లో ఇది అరుదు.

ఇక మొదట చెప్పిన హక్కుల పాట 'ఎ చేంజ్ ఈజ్ గాన కమ్' సంగతి. బాబ్ డిలన్ పాట విని, హక్కుల గురించి ఒక తెల్లవాడు ఈ మాట ముందు రాసేశాడే అని నొచ్చుకోవడమే దీనికి ప్రేరణ అంటారు. 1963 అక్టోబరులో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్ హోటల్లో గది ఇవ్వకపోగా అరెస్టు చేయించిన అవమానం కూడా ఉంది. రెండూ నిజమే. అయితే ప్రేరణ వేరు, నిర్మాణం వేరు. 1964 జనవరి 30న రికార్డైన ఈ పాట ఒక మనిషి తన కష్టాలను ఒక్కొక్కటిగా చెప్పుకుని, ప్రతి చరణం చివర అదే ఆశ దగ్గరికి చేరడం. చర్చిలో సాక్ష్యం చెప్పే తీరు సరిగ్గా ఇదే. తేడా ఒక్కచోటే: చావు తర్వాత ఏముందోనన్న అనుమానాన్ని పాస్టరు కొడుకు ఇందులో బాహాటంగా పలికాడు. చర్చి పాటలో అది కుదరదు. అందుకే దీన్ని తిరిగి రావడం అనలేను.

1964 డిసెంబరు 11న లాస్ ఏంజెలెస్‌లోని ఒక మోటెల్లో అతను తుపాకీ గుండుకు బలయ్యాడు. వయసు 33. విచారణలో ఆత్మరక్షణ కాల్పులని తేల్చారు, కుటుంబం ఒప్పుకోలేదు. కొద్ది రోజులకే సింగిల్‌గా విడుదలైన 'ఎ చేంజ్ ఈజ్ గాన కమ్' పాటలోంచి, నల్లవారిని సినిమా హాళ్ల దగ్గరికి రానివ్వకపోవడాన్ని చెప్పే చరణాన్ని కత్తిరించారు. ఎస్ఏఆర్ మూతపడింది, హక్కులు అతని మేనేజర్ అలెన్ క్లైన్ కంపెనీకి చేరాయి. అతన్ని కొత్తగా వినబోయేవారికి ఒక మాట: హిట్ పాటల సంకలనంతో మొదలుపెట్టకండి. ష్రైన్ రికార్డింగునూ మయామీ రికార్డింగునూ ఒకే పూట, ఒకదాని వెంట ఒకటి వినండి.